మామయ్యగారి పోస్టర్

పోయినేడు వానాకాలమంతా మా ఇంట్లో ఒకటే మాట, పోర్ట్‌ఫోలియో. పొద్దున కాఫీ దగ్గర అదే, రాత్రి అన్నాల దగ్గర అదే. నేను ప్రభుత్వ ఉద్యోగం మీద యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, ఇక్కడి స్టీలు సామాన్ల వ్యాపారి కొడుకు భరణిని చేసుకుని నటేశన్ నగర్‌లో కాపురానికి దిగినదాన్ని. ఈ ఇంట్లో వాళ్ళు మాట్లాడేది తెలుగేనని ఒప్పుకోవడానికే నాకు కొన్నాళ్ళు పట్టింది. అలాంటి నాకు కూడా ఆ ఇంగ్లీషు ముక్క నోటికి పట్టేసింది. మా ఆడపడుచు జనని మాత్రం దాని కోసం నిద్ర మానేసింది, తిండి మానేసింది, చివరికి నవ్వడం కూడా మానేసింది.

పోర్ట్‌ఫోలియో అంటే, తాను చేసిన డిజైన్లన్నీ ఒకచోట పేర్చి ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు చూపించుకునే వెబ్‌సైటు. జనని డిజైన్ కోర్సు చదివి, లాస్‌పేటలో చంద్రన్ గారి ప్రింటింగ్ షాపులో జూనియర్ డిజైనరుగా చేస్తోంది. ఆశంతా చెన్నైలో ఒక స్టూడియో మీద ఉంది. ఆ స్టూడియోకే కాక ఎక్కడెక్కడికో పంపింది. కొందరు వద్దన్నారు, చాలామంది వద్దనడానికి కూడా బద్ధకించారు. జవాబు వచ్చినప్పుడల్లా వెబ్‌సైటు రంగు మార్చేది, అక్షరాలు మార్చేది, తన ఫోటో మార్చేది. మార్చి మార్చి, మళ్ళీ మొదట ఉన్నదానికే వచ్చి ఏడ్చేది.

మా మామయ్యగారు సీతాపతి గారికి ఇదంతా ఎవరో ఇల్లు కట్టుకుంటున్నట్టు తోచేది. అంగడి కట్టేసి ఇంట్లో అడుగు పెడుతూనే అడిగేవారు.

"ఏమ్మా, నీ పోర్టుపోలియో యాడిదాకా వచ్చింది?"

"పునాదిలోనే ఉండాది నాయనా."

"కానీ, కానీ. తొందరేముండాది? నిదానంగా లేపు గోడలు."

అత్తగారు పోయాక ఆ తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరుగా బతికారు. నా పెళ్ళయ్యి ఆ ఇంటికి వచ్చాక కూడా వాళ్ళిద్దరి మధ్య మూడో మనిషికి చోటు దొరికేది కాదు. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేదని దాచుకోను.

వానలు పట్టుకున్న కొత్తలో ఒక ఆదివారం, ఆ చెన్నై స్టూడియోలో సీనియరుగా చేసే అభినయ అనే ఆవిడ, వీడియో కాల్‌లో జనని పని చూసి సలహా చెబుతానంది. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. మాటలన్నీ తమిళంలోనే. నాకు మాట్లాడటం అంతగా రాకపోయినా అర్థమవుతుంది.

"ఇది ఇంటికి భోజనం తెచ్చిచ్చే యాప్. దీన్ని కొత్తగా డిజైన్ చేశావు. ఎవరు అడిగారు?" అంది అభినయ.

"ఎవరూ అడగలేదు మేడం. ప్రాక్టీసు కోసం."

"ఇది విమానం టికెట్ల యాప్. నువ్వు ఎప్పుడైనా విమానం ఎక్కావా?"

"లేదు మేడం."

"ఈ కప్పు మీద లోగో బాగుంది. ఈ కాఫీ కొట్టు పుదుచ్చేరిలో ఎక్కడ?"

"ఎక్కడా లేదు మేడం. ఊహించుకున్నాను."

అభినయ విసుక్కోలేదు. విసుక్కుంటేనే బాగుండేది.

"చూడు జననీ, ఇవన్నీ అందంగానే ఉన్నాయి. ఇంతే అందంగా ఉన్నవి నాకు రోజూ వస్తుంటాయి. నీ పోర్ట్‌ఫోలియోలో మనుషులు లేరు. ఎవరికో ఒక ఇబ్బంది వచ్చి ఉండాలి, దానికి నువ్వు ఏదో చేసి ఉండాలి. మొదట ఏం ప్రయత్నించావు, ఏది పనికిరాదని వదిలేశావు, ఆఖరికి ఏమైంది, అది చెప్పు. నువ్వు రోజూ షాపులో చేసే పని ఒక్కటీ ఇందులో లేదేం?"

జనని తల వంచుకుంది. "అవి చూపించుకునేవి కావు మేడం."

"ఎందుకని?"

"చచ్చిపోయినవాళ్ళ పోస్టర్లు."

యానాంలో ఉన్నంతకాలం నాకూ ఇది తెలియదు. ఇక్కడ ఎవరైనా పోతే, ఇంకా శవం ఇంట్లో ఉండగానే వీధి గోడల మీద పోస్టర్లు పడిపోవాలి. పైన కణ్ణీర్ అంజలి, అంటే కన్నీటి నివాళి, అని పెద్ద అక్షరాలు, మధ్యలో పోయినవారి ఫోటో, కింద ఏడుస్తున్నవాళ్ళ పేర్లు. ఇంటివాళ్ళు ఏడుపు మధ్యలోంచి లేచి, ఫోను పట్టుకుని షాపుకు పరిగెత్తుకొస్తారు. ఆ ఫోనులో ఉండేది ఏ పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటో. జనని అందులోంచి ఆ ఒక్క మనిషినీ విడదీయాలి. భుజం మీద ఇంకొకరి చెయ్యి ఉంటే చెరిపేయాలి, రెప్ప పడి ఉంటే కళ్ళు తెరిపించాలి, బనీనుతో ఉంటే తెల్లచొక్కా తొడగాలి. దీపాలు, పావురాలు, మబ్బులు అడిగినన్ని పెట్టాలి. పెద్దల్లుడి పేరు ముందా, తమ్ముడి పేరు ముందా అని వెనకాల నిలబడి వాళ్ళు కొట్టుకుంటుంటే ఓపిగ్గా వినాలి.

ఇదంతా జనని నసుగుతూ చెప్పింది.

"అవే పెట్టు," అంది అభినయ. "మిగతావన్నీ తీసెయ్."

ఆ సాయంత్రం సంగతి విని మామయ్యగారు గట్టిగా నవ్వారు. "పోయినోళ్ళ పటాలు చూసి పని ఇస్తారా? ఏం లోకమో ఏమో!" అన్నారు. అలా అన్నారేగానీ, అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక వెళ్ళి కూతురి పక్కన కూర్చుని, ఒక్కొక్క పోస్టరూ చూపించమన్నారు. బజారులో ముప్పావు వంతు జనం ఆయనకు తెలుసు. "ఈయన మన దగ్గిర ఇడ్లీ కుండ తీసుకున్నాడు. ఈయమ్మ బేరం ఆడితే వదల్దు. అయ్యో, ఈయన కూడా పోయినాడా?" అంటూ చూస్తూ కూర్చున్నారు.

జనని ఉన్నవన్నీ పీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. పిళ్ళైచావడిలో చేపలమ్మే ఒక ముసలావిడ పోస్టరు తీసుకుంది. ఆవిడకు ఉన్న ఫోటో ఒక్కటే, ఎప్పటిదో గుర్తింపు కార్డులోది. జనని దాన్ని శుభ్రం చేసి, జుట్టు దువ్వినట్టు చేసి, మంచి పట్టుచీర తొడిగి చూపిస్తే కొడుకులు మొహమొహాలు చూసుకున్నారట. "ఈయమ్మ ఎవురో అని దాటిపోతారు" అన్నారట. ఆవిడ ఎప్పుడూ తలకు తువ్వాలు చుట్టుకుని తిరిగేది. జనని చీర తీసేసి, తువ్వాలు మళ్ళీ చుట్టింది. సముద్రం రోడ్డు మీద బండ్ల మీద పోతున్నవాళ్ళు ఆ తువ్వాలు చూసి ఆగారు. ఈ సంగతంతా ఫోటోలతో సహా ఒక పేజీగా రాసింది. ఆ పేజీ చదివినప్పుడు నాకు మొదటిసారి ఈ పిల్ల నిజంగా తెలివైనదనిపించింది. ఇంకో రెండు పోస్టర్లకు కూడా అలాగే రాసింది.

అభినయ మళ్ళీ చూసింది. బాగుందంది. బాగుందన్న నోటితోనే ఇంకో మాట అంది.

"ఇవన్నీ వాళ్ళు అడిగితే చేసినవి. నీకు అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోతే నువ్వేం చేస్తావు? అది ఒక్కటి చివర్లో ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం మా వాళ్ళు అందరివీ కూర్చుని చూస్తారు. ఆలోపు పంపు. ఇది పోతే మళ్ళీ వచ్చే ఏడాదే."

జనని తెల్లటి స్క్రీను ముందు పెట్టుకుని కూర్చుంది. బయట ఒకటే వాన. నేను ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఎలా ఉందో వచ్చేసరికీ అలాగే ఉంది.

"నాకంటూ ఏమీ లేదు వదినా," అంది. "ఒకరు దీపం అంటే దీపం, పావురం అంటే పావురం. ఎవురూ అడగకపోతే నాకేమీ తోచదు. నేను ఇంతే. చంద్రన్ షాపులోనే ముసలిదాన్నయిపోతాను."

"నోర్ముయ్. ముందు లేచి అన్నం తిను," అన్నాను.

ఆ మర్నాడే మామయ్యగారు అంగట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. ఐసీయూలో వేశారు. గాజు తలుపు లోంచి చూస్తే ఆయన గొట్టాల మధ్య చాలా చిన్నగా కనిపించారు. డాక్టరు భరణిని పక్కకు పిలిచి, ఆశ పెట్టుకోవద్దన్నాడు.

భరణి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. కాసేపు చెప్పులవంకే చూశారు. తర్వాత అన్నారు.

"జననీ, నాయన పోస్టరు రెడీ చేసి పెట్టు."

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. "ఏవండీ! మనిషి ఊపిరితో ఉండగా అవేం మాటలు?"

"నీకు తెలీదు రమ్యా. అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లే వాన. ప్రింటు లేటయిపోయింది. బజారులో సగం మందికి తెలీనే లేదు. మారునాడు వచ్చి, ఏం సీతాపతీ, మాకు ఒక మాట చెప్పకుండా ఎత్తేసినావే అని నాయన్ని నిలేసినారు. ఆయన ఆ మాట ఇంతవరకూ మర్చిపోలా. ఆయనకు అట్లా జరగగూడదు."

"అయితే మాత్రం!"

"ఈ ఊర్లో అందురూ చేసేదే. దాన్ని అడుగు."

జననివంక చూశాను. ఆ పిల్ల అవునన్నట్టు తల ఊపింది. ఐసీయూ వాళ్ళవి ముందుగానే చేసి పెట్టుకోవడానికి చంద్రన్ గారి కంప్యూటర్లో ఒక ఫోల్డరు విడిగా ఉందట. ప్రాణం పోగానే తేదీ ఒకటి వేసి ప్రింటుకు ఇస్తారట. ఈ ఊరు వదిలి మా యానాం పారిపోదామనిపించింది.

జనని మాత్రం ఏడవలేదు. లాప్‌టాప్ తెప్పించుకుని, ఆస్పత్రి వరండాలో బెంచీ చివర కూర్చుంది. అక్కడే కూర్చుని, అక్కడే టీ తాగి, అక్కడే తల వాల్చి, లేచి మళ్ళీ పని చేసింది. మొదట దీపాలు పెట్టి చూసిందట, తీసేసింది. మబ్బులు పెట్టింది, తీసేసింది. అయ్యాక నా భుజం తట్టి చూపించింది.

గిన్నె కొనేవాళ్ళకు మా మామయ్యగారు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూపిస్తారు. కొట్టి, ఆ మోత ఆగిపోయేదాకా తల కొంచెం వాల్చి వింటారు. జనని ఎప్పుడో అంగట్లో తన ఫోనుతో తీసిన ఫోటో అది. అందులోంచి గిన్నె తీసేసింది, చెయ్యి తీసేసింది, వెనకాల అరలన్నీ తీసేసింది. తెల్లటి కాగితం మీద ఆయన మొహం మాత్రమే మిగిలింది. తల వాల్చి, ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఏం చెబుతారో వింటున్నట్టు ఉంది. కింద పేరు. కణ్ణీర్ అంజలి అన్న అక్షరాలు కూడా లేవు. ఆ రెండు రోజుల్లో నేను ఏడ్చింది అప్పుడే, నోట్లో చీరకొంగు కుక్కుకుని ఏడ్చాను.

శుక్రవారం పొద్దున డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఇక సాయంత్రం దాకా కూడా కష్టమే, బంధువులకు చెప్పుకోండి అన్నాడు. భరణి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. జనని పోస్టరు మీద పేరు కింద ఆ రోజు తేదీ వేసి, చంద్రన్ గారికి పంపింది. తర్వాత ఇంకొక పని చేసింది. పోర్ట్‌ఫోలియోలో ఖాళీగా ఉన్న చివరి పేజీ తెరిచి, ఆ పోస్టరు అక్కడ పెట్టింది. కింద నాలుగు మాటలు రాసింది. మా నాన్నకు నేను చేసిన పోస్టర్ ఇది, ఇందులో ఏది ఉండాలో ఏది అక్కర్లేదో చెప్పడానికి ఈసారి ఎవరూ లేరు, అని. మధ్యాహ్నం లోపే అభినయకు పంపేసింది.

నేను పక్కనే ఉన్నాను. తప్పని నాకు తోచలేదు. అప్పటికి ఆయన పోయినట్టే. ఆ పిల్ల ఏడవలేక అలా ఏడుస్తోందనుకున్నాను.

సందెవేళకు నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. భరణి లేచి నిలబడ్డారు.

"కళ్ళు తెరిచాడు," అంది నర్సు. "ఎవరో జననిని అడుగుతున్నాడు."

ఆ రోజు మేము ముగ్గురం ఆ వరండాలో పిచ్చివాళ్ళలాగా నవ్వాం. భరణి చంద్రన్ గారికి ఫోను చేసి, "ఆపన్నా, ఆపేయి, ప్రింటు వద్దు!" అని అరుస్తుంటే అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆ నవ్వు తర్వాత మా ఇంట్లో మళ్ళీ అలాంటిది వినలేదు.

మామయ్యగారు ఇంటికి వచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు సరిగ్గా రాలేదు, మూతి ఒకపక్కకు లాగేసింది. మాట మాత్రం ముద్దగా ఉన్నా తెలిసేది. పొద్దునా సాయంత్రం హాల్లో గోడ పట్టుకుని నడవడం నేర్చుకునేవారు. "పండగ నెల వచ్చేలోగా అంగట్లో కూర్చుంటా సూడు," అని భరణితో పందెం వేశారు. గంజి తాగిస్తుంటే మూతి పక్కనుంచి కారేది. "నీ మామకు పళ్ళు రావాల్సిన వయసు రమ్యా," అని నన్ను నవ్వించడానికి చూసేవారు.

నాకు గుర్తొచ్చి జననిని అడిగాను. "ఏమే, ఆ చివరి పేజీ తీసేశావా?"

"తీస్తాను వదినా."

"ఎప్పుడు?"

"వాళ్ళు చూసేసి ఉంటారు. ఇప్పుడు తీస్తే ఎందుకు తీసినావని అడుగుతారు." నావంక చూడకుండా అంది. "అది తీసేస్తే ఇంక అందులో ఏమీ లేదు వదినా."

నేను మళ్ళీ అనేలోపు చెన్నై నుంచి మెయిలు వచ్చింది. మాట్లాడాలి, బుధవారం కాల్‌లో ఉండమని. ఆ పిల్ల మొహం వెలిగిపోవాల్సింది. తెల్లబోయింది.

బుధవారం నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం హోరున వాన. నెట్ సరిగా అందేది ముందుగదిలోనే కాబట్టి జనని అక్కడ కూర్చుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మధ్యలో ఒక కర్టెన్. ఇటుపక్క హాల్లో మంచం మీద మామయ్యగారికి నేను దిండు ఎత్తి, గంజి తాగిస్తున్నాను. అటువాళ్ళు ఏమంటున్నారో మాకు వినబడదు. ఈ పిల్ల జవాబులు వినిపిస్తున్నాయి. మొదట అంతా పని గురించే. పిళ్ళైచావడి ముసలావిడ గురించి చక్కగా చెప్పింది. మామయ్యగారు గంజి గుక్క మింగి, "బాగా మాట్లాడతా ఉండాది గదా," అని నాతో గుసగుసలాడారు. కళ్ళు మెరుస్తున్నాయి.

అప్పుడు అటువాళ్ళు ఏదో అన్నారు. జనని గొంతు తగ్గింది.

"థాంక్యూ మేడం."

అటునుంచి ఇంకేదో అడిగినట్టున్నారు.

"అవును మేడం, మా నాన్నే."

నా చేతిలో చెంచా ఆగిపోయింది.

"పోయిన నెల్లోనే. స్ట్రోక్ వచ్చి." మళ్ళీ ఆగింది. "లేదు మేడం, బాధ పడలేదు. నిద్రలోనే పోయారు."

తమిళంలో చెప్పింది. ఆ ఇంట్లో అందరికీ నాకన్నా బాగా వచ్చిన తమిళం. నేను మామయ్యగారివంక చూడలేకపోయాను. గంజి గిన్నెవంక చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, చెంచా తన నోటిదాకా తెచ్చుకుని, ఆ గుక్క మింగేశారు. నాకు గుర్తున్నంతవరకు అంతే జరిగింది.

జనని కర్టెన్ తీసి ఇటు వచ్చాక మా మొహాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏందమ్మా అది? నాకూ చూపించు," అన్నారు మామయ్యగారు.

"నాయనా..."

"చూపించమ్మా."

లాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. సరుకు చూసేటప్పుడు ఎలా చూస్తారో అలాగే, దగ్గరికీ దూరానికీ పెట్టి చూశారు.

"బాగుండాది," అన్నారు. "పూలూ అవీ లేకుండా ఇట్లా ఉంటేనే బాగుండాది. ఈ తేదీ ఏంది? శుక్రవారమా?" కొంచెంసేపు లెక్క కట్టుకున్నారు. "నాకు తెలివి వచ్చింది ఆ పొద్దే గదా."

జనని ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. అప్పుడే భరణి అంగడి నుంచి తడిసి వచ్చారు. స్క్రీను చూశారు, మా అందరినీ చూశారు, గొడుగు మూయడం మర్చిపోయి నిలబడ్డారు. నువ్వా చేయమన్నది అని మామయ్యగారు అడగలేదు. కొడుకు మొహం చూసి తెలుసుకున్నారు.

"మంచిదే చేసినావు భరణీ," అన్నారు. "ఆలస్యం కాకుండా."

నా మొగుడు చెట్టంత మనిషి, గొడుగు కింద పారేసి పిల్లాడిలా ఏడ్చారు. మామయ్యగారు ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. దిండు కిందికి దించమని నాతో అన్నారు. కునుకు వస్తోందన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆయన గోడ పట్టుకుని నడవడం మానేశారు. పొద్దున భరణి చెయ్యి అందిస్తే, "రేపు చూద్దాంలే," అన్నారు. ఆ రేపు రాలేదు. అంగడి తాళాలు కొడుకు చేతికి ఇచ్చేశారు. అంగట్లో ఏం జరుగుతోందో అడగడం కూడా మానేశారు. బజారు నుంచి ఎవరైనా చూడటానికి వస్తే కళ్ళు మూసుకుని పడుకునేవారు. కోపం అనుకుందామంటే కోపం లేదు. మమ్మల్ని ప్రేమగానే పలకరించేవారు. మాకు వేరే ఊరి మనిషి ఇంట్లో ఉన్నట్టు ఉండేది. నేను ఎన్నిసార్లు ఆ మంచం దగ్గర నిలబడి, ఇంకో మాట ఏదైనా చెప్పాలని నోరు తెరిచి, చెప్పలేక వంటింట్లోకి పారిపోయానో!

ఉద్యోగం వచ్చింది. ఇన్నాళ్ళు ఎదురుచూసిన మెయిలు వస్తే ఎవరికైనా చెబుదామని ఇంట్లో ఒక్కరూ ఫోను ముట్టుకోలేదు. జనని కూర్చుని చెన్నైకి జవాబు రాసింది. మా నాన్న బతికే ఉన్నారు, నేను అబద్ధం చెప్పాను, నన్ను క్షమించండి అని. పంపే ముందు తండ్రికి చదివి వినిపించింది. ఆయన కళ్ళు తెరిచారు.

"ఎందుకమ్మా అది?"

"నాకు ఈ పని వద్దు నాయనా."

"వద్దంటే? ఈడ ఉండి ఏం చేస్తావు? చంద్రన్ అంగట్లో దీపాలు పెడతావా?" గొంతు మొదటిసారి గట్టిగా లేచింది. "ఆ పటం బాగుండాదని గదా పిలిచినారు? బాగుండాదిగా? మళ్ళీ రాసి నువ్వు దొంగవని చెప్పుకుంటావా? తీసెయ్ దాన్ని."

"నాయనా, నేను నిన్ను..."

"తీసెయ్ అంటావుండా."

ఆ పిల్ల రాసిన జవాబు చెరిపేసింది. భరణి పక్కనే ఉండి కూడా ఒక్క మాట అనలేదు. నేను అన్నాను. ఇది మంచిది కాదు మామయ్యగారూ, నిజం చెప్పేస్తే ఒక్కరోజు బాధ, దాస్తే బతుకంతా అన్నాను. ఆయన నావైపు చూసి, "నాకు ఎంత బతుకుండాదిలే రమ్యా," అన్నారు.

వానలు తగ్గి, తెల్లవారుజామున చలి మొదలయ్యాక జనని చెన్నైలో చేరాల్సిన రోజు వచ్చింది. కారులో దింపి రావాలనుకున్నాం. మామయ్యగారిని ఇంట్లోనే ఉంచి, నేను ఆయన దగ్గర ఉంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తనకూ తెల్లచొక్కా తొడగమన్నారు. "బిడ్డ పని చేసే చోటు చూడగూడదా నేను?" అన్నారు. ఎవరం కాదనలేకపోయాం.

దారంతా ఆయన ముందుసీటులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. జనని వెనకసీటులో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. స్టూడియో ఒక పాత బంగళాలో ఉంది. కారులోనే ఉండండి మామయ్యగారూ అని నేను అంటూనే ఉన్నాను. ఆయన భరణి భుజం పట్టుకుని, కర్ర ఆనించుకుని, దిగేశారు. సామాను దించుతుండగానే గేటు తెరుచుకుని అభినయ బయటికి వచ్చింది. వీడియోలో చూసిన దానికన్నా చిన్నపిల్లలా ఉంది. వచ్చి జననిని కావలించుకుంది. నన్నూ భరణినీ నవ్వుతూ పలకరించింది. ఆ తర్వాత కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని చూసి ఆగింది.

"వీరు?"

జనని నోరు తెరిచింది. ఆ పిల్ల ఆ క్షణాన నిజమే చెప్పబోయిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. మామయ్యగారు చెప్పనివ్వలేదు.

"నేను దీని పెరియప్పనమ్మా," అన్నారు తమిళంలో, వంకరపోయిన మూతిని సరిచేసుకుంటూ. "వాళ్ళ నాయనకు అన్నని."

"చూడగానే అనుకున్నాను సార్," అంది అభినయ, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని. "అచ్చం అవే కళ్ళు. ఆ పోస్టర్ మా ఆఫీసులో అందరూ చూశారు. మీ తమ్ముడు చాలా మంచి మనిషి అయి ఉండాలి."

"మంచోడేనమ్మా," అన్నారు మామయ్యగారు. "ఈ బిడ్డ అంటే ప్రాణం వాడికి."

అభినయ కళ్ళు తుడుచుకుని, లోపల అందరూ ఎదురుచూస్తున్నారు, రా అని జననితో చెప్పి వెళ్ళింది. జనని కదల్లేదు. తండ్రి చొక్కా చెయ్యి పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"నాయనా..."

"అట్లా పిలవగూడదు ఈడ," అన్నారాయన, తెలుగులో, చాలా మెల్లగా. ఆ పిడికిలి మీద చెయ్యి వేసి ఒక్కొక్క వేలూ విడిపించారు. "పెదనాయనా అను. వాడుక చేసుకోవాల."

భరణి అటు తిరిగి కారు డిక్కీ మూశారు. లోపల్నుంచి జననిని మళ్ళీ పిలిచారు. ఆ పిల్ల సంచి భుజానికి తగిలించుకుంది, గేటుదాకా వెళ్ళింది, వెనక్కి తిరిగింది.

"పోయొస్తా పెదనాయనా," అంది.